సత్యవేణిని సంపూర్ణంగా వినడమైనది

గుత్తుల సత్యవేణి ఉద్యోగం గేదెల వల్ల పోయింది.

ఆవిడ పనిచేసేది రాష్ట్ర చీపుళ్ల అభివృద్ధి సంస్థలో. కాకినాడ శివార్లలో ఆ సంస్థకు ఒక ఆఫీసు, దాని వెనక ఒక పెద్ద గోడౌను ఉన్నాయి. ఏజెన్సీ కొండల నుంచి లారీల్లో వచ్చే చీపురుగడ్డిని ఆ గోడౌనులో ఆరబెట్టి, దులిపి, చీపుళ్లుగా కట్టి జిల్లాలకు పంపుతారు. తలుపు దగ్గర కూర్చుని సరుకును కాపాడటం సత్యవేణి పని. శ్రావణమాసంలో ఒక వానరోజు ఆ తలుపు తెరిచి ఉండగా ఊళ్లో గేదెలు కొన్ని లోపలికి వచ్చి, తడవకుండా నిలబడి, తీరిగ్గా మేసి, మంచి గడ్డి అయిపోయాక వెళ్లిపోయాయి.

ఆ సమయంలో సత్యవేణి ఆఫీసు ముందు ఆవరణలో మేనేజింగ్ డైరెక్టరు ముక్కామల నిగమేశ్వరరావుగారికి గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

ఆ రోజు మొక్కలు నాటే కార్యక్రమం. నిగమేశ్వరరావుగారు పెద్ద ఉద్యోగంలో రిటైరై, సర్వీసు పొడిగింపు మీద ఈ సంస్థకు వచ్చినవారు. ఒక మొక్క నాటి, నీళ్లు పోసి, వర్షం యొక్క ఆవశ్యకత గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. అంతలో వర్షమే వచ్చింది. అయినా ఆయన ఆపలేదు. మేనేజరు కంతేటి రాంప్రసాద్ ఒక గొడుగు సంపాదించి, పట్టుకునే మనిషి కోసం గోడౌనుకు పరుగెత్తాడు.

"రావమ్మా, ఎండీగారు తడిసిపోతున్నారు. రెండు నిమిషాలు."

"తలుపు తాళం ఆఫీసులో ఉందండి. తెచ్చి వేసేసొస్తానండి."

"ఈ వానలో ఎవరొస్తారు నీ చీపుళ్ల కోసం? నడు, నడు."

ఆ రెండు నిమిషాలూ సాయంత్రం దాకా సాగాయి. గొడుగు మొత్తం ఎండీగారి మీదే పట్టాలి కనక సత్యవేణి పూర్తిగా తడిసింది. ఇదంతా రాంప్రసాద్‌కు బాగా గుర్తుంది. అందుకే మర్నాడు పొద్దున్నకల్లా కాగితం టైపు చేయించి, ఆవిడ గేటు దగ్గరకు రాగానే చేతిలో పెట్టాడు. విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం వహించి, సంస్థ ముడిసరుకు పశుగ్రాసంగా మారడానికి కారణమైనందున తమను ఉద్యోగం నుంచి తక్షణం తొలగించడమైనది అని అందులో ఉంది.

"అదేంటండి! నన్ను మీరే గదండి తీసుకెళ్లేరు?"

"ఏదైనా ఉంటే సముచిత మార్గంలో చెప్పుకో."

"ఆ మార్గం ఎటండి?"

"నీ పై అధికారి ద్వారా."

"నా పై అధికారి మీరేనండి బాబూ."

"నిన్నటి దాకా. ఇవాళ నువ్వు ఉద్యోగంలో లేవు. ఉద్యోగంలో లేనివాళ్లకి పై అధికారి ఉండడు" అని రాంప్రసాద్ గేటు వేయించాడు.

సత్యవేణి భర్త ఏడుకొండలు రోడ్డు పక్కన పంక్చర్లు వేస్తాడు. దాంతో ఇల్లు గడవదు. ఆవిడ రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. పొద్దుటి నుంచి ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవాలి. వేళ్లు పగిలిపోయేవి. చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ "అడిగుంటే చెప్పేదాన్ని గదా. ఒక్క మాట. అడగను కూడా అడగలేదు" అని రోజూ అంటూనే ఉండేది. విని విని ఏడుకొండలు ఒకరోజు ఆవిణ్ణి తీసుకెళ్లి ఒక వకీలు ముందు కూర్చోబెట్టాడు.

హైకోర్టులో ఆ కేసు పిలుపుకు రావడానికి ఏడాది పైన పట్టింది. తేలడానికి మాత్రం ఎంతోసేపు పట్టలేదు. "తీసేసేముందు ఆమెను ఒక్క మాటైనా అడిగారా?" అన్నారు జడ్జిగారు. సంస్థ తరపు న్యాయవాది ఫైలు వెనక్కీ ముందుకీ తిప్పి, అడిగినట్టు కనబడటం లేదన్నాడు. అయితే ఉత్తర్వు కొట్టేస్తున్నాను, ముందు ఆమె చెప్పేది వినండి, తర్వాత ఏం చేయాలో ఆలోచించండి అని ఆయన తరవాతి కేసు పిలిచారు.

ఈ కబురు నిగమేశ్వరరావుగారిని గాయపరిచింది. అధికారులందర్నీ సమావేశపరిచారు.

"మనం వినలేదట!" అన్నారు. "మనం! సరే. ఈ క్షణం నుంచి ఈ సంస్థ వినికిడి రంగంలో యావద్రాష్ట్రానికీ తలమానికం కావాలి. ఒక్క ఉద్యోగిని వినడంలో మనం నెలకొల్పబోయే ప్రమాణాలు చూసి ఇతర సంస్థలు సిగ్గుపడాలి!"

అధికారులు చప్పట్లు కొట్టారు. అలా మొదలైంది ఆలకింపు ఉద్యమం.

ముందుగా హైదరాబాదు నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించి అధికారులకు వినడంలో శిక్షణ ఇప్పించారు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే తల ఏ కోణంలో వంచాలో, కనుబొమలు ఎంత ఎత్తాలో, మధ్యమధ్య "అర్థం చేసుకోగలను" అని ఎలా అనాలో ఆయన బొమ్మలు వేసి చూపించాడు. వినేవాళ్లు విన్నదాని గురించి ఆలోచించాలా అని ఒక జూనియర్ అసిస్టెంటు అడిగితే, అది పై స్థాయి కోర్సులో వస్తుందన్నాడు.

తర్వాత విచారణకు తగిన భవనం లేదని గ్రహించారు. గోడౌనులో పెద్ద భాగం ఖాళీ చేసి, ఏసీ పెట్టి, గోడలకు మెత్తటి పలకలు బిగించి, గుమ్మం మీద "శ్రవణ మందిరం" అని ఇత్తడి అక్షరాలు పెట్టారు. అందులో ఉన్న చీపురుగడ్డిని ఆరుబయట పెట్టి టార్పాలిన్ కప్పారు. టార్పాలిన్ కారింది. గేదెలు తిన్నదానికంటే ఎక్కువ గడ్డి కుళ్లిపోయింది. దాన్ని ప్రకృతి వైపరీత్యం కింద రాసుకున్నారు.

సత్యవేణిని కాగితం మీద ఉద్యోగంలోకి తీసుకుని, అదే కాగితంలో సస్పెండు చేశారు. ఎప్పుడు వినాల్సి వస్తుందో తెలియదు కనక రోజూ వచ్చి మందిరం బయట బెంచీ మీద కూర్చోవాలన్నారు. ఆవిడ రొయ్యల షెడ్డు మానేయాల్సి వచ్చింది. సస్పెన్షన్‌లో ఇచ్చే భృతి ఇంకా మంజూరు కాలేదు.

విచారణాధికారిగా ఎవర్ని వేయాలన్నది పెద్ద సమస్య అయింది. నిష్పాక్షికుడు కావాలి. సంగతి ముందే తెలిసినవాడు నిష్పాక్షికుడు కాడని నిగమేశ్వరరావుగారు ఈ విచారణ కోసం తయారుచేసిన నియమావళిలో స్వయంగా రాశారు. సంస్థలో సంగతి తెలియనివాళ్లు లేరు. వెతగ్గా వెతగ్గా తణుకులో చెరుకువాడ సోమయాజులుగారని సహకార శాఖలో రిటైరైన పెద్దమనిషి దొరికారు. ఆయనకు సంస్థతో, చీపుళ్లతో, గేదెలతో ఎటువంటి సంబంధమూ లేదు. మెత్తటి మనిషి.

విచారణ మొదటిరోజు మందిరంలో దీపం వెలిగించారు. సత్యవేణిని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి ముందు మైకు, మంచినీళ్లు, తుండుగుడ్డ పెట్టారు. ఆవిడ మైకు దగ్గరికి లాక్కుని "అయ్యా, ఆ రోజు నన్నండి..." అంది.

సోమయాజులుగారు రెండు చెవులూ మూసుకున్నారు.

"ఆగమ్మా, ఆగు! ఇది ప్రాథమిక దశ. ఇప్పుడే నువ్వు చెప్పేస్తే నాకు తెలిసిపోతుంది. ముందు నీ హక్కులు చదివి వినిపించాలి."

హక్కులు సాయంత్రం దాకా చదివారు. వినబడే హక్కు, విరామం కోరే హక్కు, కోరిన భాషలో వినబడే హక్కు, వినబడినట్టు రసీదు పొందే హక్కు. మర్నాడు మిగతావి.

"ఈ హక్కులన్నీ నాకొద్దండి. ఒక్క మాట చెప్పుకుని పోతానండి" అంది సత్యవేణి.

"హక్కులు వదులుకోడానికి నీకు హక్కు లేదు" అన్నాడు పక్కనున్న రాంప్రసాద్. "అలా వదులుకోనిస్తే రేపు కోర్టులో మా మీదికొస్తుంది."

ఇలా కొన్ని వారాలు గడిచాయి. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒక హక్కు అడ్డొచ్చేది. ఒకరోజు మైకు పనిచేయలేదు. స్పష్టంగా వినబడే హక్కుకు భంగమని విచారణ వాయిదా వేశారు. సోమయాజులుగారు బస్సుకు ఇంకా టైముందని గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్నారు. సత్యవేణి కూడా అక్కడే నిలబడి ఉంది. ఆవిడ చేతుల కేసి చూసి ఆయనకు జాలేసింది.

"విచారణ లేదు కనక ఊరికే మనిషిగా అడుగుతున్నానమ్మా. అసలేం జరిగింది?"

"ఎండీగారికి గొడుగు పట్టమని నన్ను తీసుకెళ్లేరండి. నేనటెళ్లేను, గేదెలిటొచ్చేయి."

"అంతేనా?"

"అంతేనండి."

సోమయాజులుగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "నువ్వు చెప్పింది నిజంలాగే ఉందమ్మా" అన్నారు.

"నిజమేనండి."

"అయ్యో" అన్నారాయన. "ఎంత పని చేశావు!"

విచారణ వెలుపల తనకు నిజం తెలిసిపోయిందనీ, అందువల్ల తన నిష్పాక్షికతకు తీరని భంగం కలిగిందనీ, ఈ స్థితిలో కొనసాగడం ఆరోపిత ఉద్యోగినికి అన్యాయం చేయడమే అవుతుందనీ రాసిచ్చి ఆయన ఆ సాయంత్రమే తణుకు వెళ్లిపోయారు. రాజీనామాను ఆమోదిస్తూ నిగమేశ్వరరావుగారు ఆయన నైతిక విలువలను కొనియాడారు. కొత్త అధికారి వస్తే హక్కులు మళ్లీ మొదట్నుంచి చదవాలి.

ఆ వచ్చిన ఏలూరు ఆయన బస్సు దిగి టీకొట్టు దగ్గర దారి అడిగాడు. కొట్టతను దారితో పాటు సంగతి కూడా చెప్పాడు. ఆయన అటునుంచటే వెనక్కి వెళ్లిపోయాడు. మూడో ఆయన్ని అద్దాలు మూసిన కారులో తెచ్చారు. కారు డ్రైవరు చెప్పేశాడు. ఆయన దిగకుండానే రాజీనామా రాశారు.

నిగమేశ్వరరావుగారు దీర్ఘంగా ఆలోచించారు. "ఈ సంస్థలో నిజం సోకని అధికారి ఇంకెవరున్నారు, రాంప్రసాద్?"

"తమరొక్కరే సార్."

"నిజమే" అన్నారాయన వినయంగా. "నా వెనక ఏం జరుగుతుందో నేనెప్పుడూ చూడను. అయితే నేనే వింటాను."

ఆయన వినడం మొదలయ్యాక పని చురుగ్గా సాగింది. హక్కులు తనే రాశారు కనక చూడకుండా గబగబా చదివేశారు. చివరికి, "ఆరోపిత ఉద్యోగిని తన తరపున ఏ సాక్షినైనా పిలుచుకోవచ్చును. ఎంత పెద్దవారైనా ఆ సాక్షి రాననరాదు" అని చదివి తలెత్తారు. "ఎవరినైనా పిలుస్తావా?"

"పిలుస్తానండి. తమర్నే."

నిగమేశ్వరరావుగారు నియమావళి ముందుకూ వెనక్కూ తిప్పారు. తప్పించుకునే దారి లేకుండా దాన్ని చాలా పకడ్బందీగా రాశారు. విచారణాధికారి నిగమేశ్వరరావుగారు సాక్షి నిగమేశ్వరరావుగారికి సమన్లు జారీ చేశారు. రాంప్రసాద్ ఆ కాగితాన్ని ఆయన బల్ల మీంచి తీసుకుని, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆయన చేతికే ఇచ్చి సంతకం తీసుకున్నాడు. మొదటి వాయిదాకు పని ఒత్తిడి వల్ల రాలేనని సాక్షి గడువు కోరాడు. అధికారి మానవతా దృక్పథంతో మంజూరు చేశారు.

రెండో వాయిదాకు ఆయన వచ్చి సాక్షి కుర్చీలో కూర్చున్నారు. అధికారి కుర్చీ ఖాళీగా ఉండకూడదు కనక తన కోటు విప్పి దానికి తగిలించారు. రాంప్రసాద్ కోటుకు నమస్కారం పెట్టి, "మొదలుపెట్టమంటారా సార్?" అని దాన్నే అడిగాడు.

సత్యవేణి లేచింది. ఎవర్నీ ప్రశ్నలడగడం ఆవిడకు అలవాటు లేదు. మైకు గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు వాన పడిందాండి?"

"పడింది. కుంభవృష్టి. ఆ సందర్భంగా నేను వర్షపాతం గురించి..."

"తమరు తడిసేరాండి?"

"లేదు."

"ఎందుకు తడవలేదండి?"

"గొడుగుంది."

"ఎవరు పట్టుకున్నారండి?"

నిగమేశ్వరరావుగారు ఆలోచించారు. "సంస్థ పట్టుకుంది" అన్నారు.

"సంస్థంటే ఎవరండి?"

"సంస్థ అంటే... అదొక వ్యవస్థ. ఒక సమష్టి చైతన్యం. దాన్ని నిర్వచించాలంటే..."

"ఎనకాల నుంచి ఒక చెయ్యొచ్చిందా లేదాండి?"

"చెయ్యా?" ఆయన కళ్లు మూసుకున్నారు. వెనకనున్నదేదో గుర్తు తెచ్చుకోవడం ఆయనకు కొత్త. చాలాసేపు పట్టింది. "వచ్చింది. ఉపన్యాసం మధ్యలో గాజులు గలగలమంటున్నాయి. చిరాకేసి తల తిప్పాను. ఎర్ర మట్టిగాజులు. చెయ్యి చలికి వణుకుతోంది. చప్పుడు చెయ్యొద్దన్నాను."

"అన్నారండి" అంది సత్యవేణి. "అందాకా గాజులు మోచేతి మీదికి లాక్కోవాలని తోచలేదండి నాకు."

నిగమేశ్వరరావుగారు కళ్లు తెరిచారు. మైకు పట్టుకున్న ఆవిడ చేతి కేసి చూశారు. సాక్షి కుర్చీలోంచి లేచి, వెళ్లి కోటు తొడుక్కుని, "ఉత్తర్వు రిజర్వు చేయడమైనది" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ ఉత్తర్వు ఆయన రాయలేకపోయారు. ఆవిడది తప్పని రాస్తే, సాక్షి అబద్ధమాడాడని తేల్చాలి. ఆ సాక్షి తాను. ఆవిడది తప్పు కాదని రాస్తే, కాపలా మనిషిని గొడుగు కోసం రప్పించిన కార్యక్రమం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, అదీ తనే. రోజూ కాగితం ముందు కూర్చునేవారు. రోజూ కిటికీలోంచి బెంచీ మీద కూర్చున్న సత్యవేణి కనబడేది. కొన్నాళ్లకు ఆయన ఆ కిటికీకి తెర వేయించారు. ఇంకొన్నాళ్లకు ఆ తెర తనే తీసేశారు. ఆవిడ భృతి మాత్రం ఒక సంతకంతో మంజూరు చేశారు, ఎవరూ అడక్కుండానే.

ఈలోగా రాష్ట్రంలో పరిశుభ్రతా వారోత్సవాలు వచ్చాయి. మంత్రిగారు ఒక కూడలిలో వీధి ఊడ్చి ప్రారంభించాలి. కెమెరాలు సిద్ధమయ్యాయి. చీపురు లేదు. ఆలకింపు ఉద్యమం మొదలయ్యాక సంస్థలో చీపురు కట్టినవాళ్లు లేరు. మంత్రిగారు ఉత్తచేతులతో కాసేపు వీధిలో నిలబడి కారెక్కారు. ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు ఒక ఉత్తర్వు వచ్చింది. నిగమేశ్వరరావుగారి పొడిగింపు రద్దు చేయడమైనది, తక్షణం బాధ్యతలు అప్పగించవలెను. అంతే.

రాంప్రసాద్ కారు తాళాలు అడిగి తీసుకున్నాడు. గదిలో వేరే పేరుపలక పెట్టిస్తున్నారు. నిగమేశ్వరరావుగారు ఎక్కడ కూర్చోవాలో తెలియక నడుచుకుంటూ వచ్చి, మందిరం బయట బెంచీ మీద సత్యవేణికి కాస్త ఎడంగా కూర్చున్నారు.

"నన్నొక్క మాటైనా అడగలేదమ్మా" అన్నారు.

సత్యవేణి ఆయన కేసి తిరిగి కూర్చుంది. "చెప్పండి బాబూ. నేనింటాను."

ఆయన చెప్పారు. ఉపన్యాసంలా మొదలై ఎక్కడో మామూలు మాటలైపోయాయి. ఇంట్లో కూర్చోవాలంటే భయమని, అందుకే పొడిగింపు అడిగి తెచ్చుకున్నానని, పేరు వస్తుందనే ఇంత చేశానని, చీపుళ్ల సంగతి మర్చిపోయానని చెప్పారు. ఆవిడ తల ఏ కోణంలోనూ వంచలేదు. మధ్యలో ఒకసారి లేచి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

అంతా అయ్యాక ఆయన లేచి ఆఫీసులోకి వెళ్లారు. బాధ్యతలు తీసుకోడానికి కలెక్టరాఫీసు నుంచి ఒక ఇన్‌ఛార్జి అధికారిణి వచ్చి ఉంది. చిన్నావిడే, హడావిడిగా ఉంది.

"మేడమ్, బయట కూర్చున్నావిడది తప్పేమీ లేదు. ఆ రోజు నాకు గొడుగు పట్టడానికి మావాళ్లే గోడౌను లోంచి తీసుకొచ్చారు. నా వెనకే ఉంది. నేను చూశాను."

అధికారిణి రాంప్రసాద్ కేసి చూసింది. రాంప్రసాద్ పైకప్పు కేసి చూశాడు. ఆవిడ సత్యవేణిని లోపలికి పిలిచింది. "అంతేనామ్మా జరిగింది?"

"అంతేనండి."

"సరే. రేపట్నుంచి డ్యూటీకి రా" అని ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టింది.

"మేడమ్, నియమావళి ప్రకారం ముందు హక్కులు..." అన్నాడు రాంప్రసాద్.

"మీరు కూడా ఉండండి. మీ సంజాయిషీ కావాలి నాకు" అందావిడ.

నిగమేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. "మరి నా విషయం..."

"అది నా చేతిలో లేదండి" అందావిడ, మర్యాదగానే.

సత్యవేణి, నిగమేశ్వరరావుగారు కలిసే గేటు దాటారు. కారెక్కే చోట ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచారు. బస్టాపు ఎటో ఆయనకు తెలియదు. ఆవిడ చూపించింది.

"కోర్టుకెళ్లండి బాబూ. మా వకీలుగారి దగ్గరికి రేపు మా ఆయన తీసుకెళ్తాడు. టైం పడుతుందండి, కానీ అడుగుతారండి. ఒక్క మాటే అడుగుతారు. తమరు కూడా ఒక్క మాటే చెప్పాలండి."

"ఏం చెప్పాలి?"

"ఏం జరిగిందో అదేనండి."

బస్సు వచ్చింది. నిగమేశ్వరరావుగారు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలా అని పెదవులు కదుపుతూ వెళ్లిపోయారు.